భీమ్లీకుస్, భీమ్లీకుమ్: పేర్లు పెట్టే పని మనది కాదా?

మన కాలేజీలో అందరూ ఒప్పేసుకున్న ఒక పంపకం ఉంది. జీవులు మైక్రోబయాలజీ వాళ్లవి, పదాలు మనవి. వాళ్లు తెల్లకోటు వేసుకుంటారు, మనం ప్రతిపదార్థాలు రాసుకుంటాం. ఈ పంపకం నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పాలంటే ఒకసారి భీమ్లీ దాకా వెళ్లిరావాలి.

2007లో హైదరాబాదు శాస్త్రవేత్తలు మన తెలుగు తీరంలో దొరికిన కొన్ని కొత్త బ్యాక్టీరియాలకు పేర్లు పెట్టారు. ఈ పని ఎక్కువగా జరిగింది రెండు చోట్ల. ఒకటి జె.ఎన్.టి.యు.లో చింతలపాటి శశికళ గారి ప్రయోగశాల, రెండోది హైదరాబాదు విశ్వవిద్యాలయంలో వెంకట రమణ గారి ప్రయోగశాల. శశికళ గారి ప్రయోగశాల పేరే బ్యాక్టీరియల్ డిస్కవరీ లేబొరేటరీ. ఒక తెలుగు మహిళ నడిపే ప్రయోగశాలకు అంత సూటి పేరు ఉండడం నాకు భలే నచ్చింది. వాళ్లు పెట్టిన పేర్లలో మూడు చూడండి. మారిక్రోమాటియం భీమ్లీకుమ్, థయోరోడోకాకస్ భీమ్లీకుస్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్. ఇంకొకటి కూడా ఉంది, రోడోవ్యులమ్ విశాఖపట్నమెన్స్.

ఊరు ఒకటే, భీమ్లీ. మరి ఒకచోట భీమ్లీకుమ్, ఇంకోచోట భీమ్లీకుస్ ఎందుకయింది? అచ్చుతప్పు కాదు. బ్యాక్టీరియాల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఒకటుంది. పేరు ఏ భాషనుంచి తెచ్చుకున్నా లాటిన్ పదంలాగే నడవాలంటుంది అది. పేరులో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. రెండోది విశేషణమైతే మొదటిదాని లింగాన్ని అనుసరించాలి. క్రోమాటియం నపుంసకలింగం కాబట్టి భీమ్లీకుమ్. కాకస్ పుంలింగం కాబట్టి భీమ్లీకుస్. స్త్రీలింగమైతే భీమ్లీకా అయ్యేది. మనకు తెలియని విషయమా ఇది? సంస్కృతంలో సుందరః, సుందరీ, సుందరం అని చదివినవాళ్లమే కదా! తెలుగులో అయితే మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకం. మన విశేషణం ఎవరికీ తల వంచదు. లాటిన్ మాత్రం వంచుతుంది, సంస్కృతంలాగ.

ఎన్సిస్ అనే ప్రత్యయం కూడా మన తద్ధితం లాంటిదే. ఫలానా ఊరిది అని అర్థం. కాకినాడ కాజా, బందరు లడ్డు అన్నట్టే కాకినాడ థయోరోడోకాకస్. ఆ మాటను విడగొడితే మంచి సమాసం వస్తుంది. థయో అంటే గంధకం, రోడో అంటే గులాబి, కాకస్ అంటే గింజ. గంధకం తినే గులాబిరంగు గింజ. నిజంగానే ఇవి ఎరుపు, ఊదా రంగుల్లో ఉండే బ్యాక్టీరియాలు. మొక్కల్లాగ వెలుతురుతో ఆహారం చేసుకుంటాయి. కానీ మొక్కలు నీటిని విడగొట్టి ప్రాణవాయువు వదిలితే, ఇవి కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువునుంచి గంధకం తీసుకుంటాయి, ప్రాణవాయువు వదలవు. బురదలో గాలి ఆడని చోట, వెలుతురు కాస్త తగిలే చోట ఉంటాయి. ఇక రోడోవ్యులమ్ అంటే గులాబిరంగు చిట్టిగుడ్డు. విశాఖపట్నపు గులాబి చిట్టిగుడ్డు అంటే ఎవరైనా ముగ్గులో పేరు అనుకుంటారు.

ఇంకో సంగతి గమనించండి. ఆ ఊరి పేరు రికార్డుల్లో భీమునిపట్నం. లాటిన్‌లోకి వెళ్లింది మాత్రం జనం నోట్లో ఉన్న భీమ్లీ. గిడుగు వారు ఉంటే సంతోషించేవారు. విశాఖకు వచ్చేసరికి వైజాగు పనికిరాలేదు, విశాఖపట్నం నిండుగా కూర్చుంది. వ్యావహారికమూ గ్రాంథికమూ రెండూ బ్యాక్టీరియాల పట్టికలోకి ఎక్కాయన్నమాట.

మనుషుల పేర్లు పెట్టేటప్పుడు నియమం ఇంకా సరదాగా ఉంటుంది. జాతి పేరుగా పెడితే షష్ఠీ విభక్తి వాడతారు. జానిబాక్టర్ హాయిలీ అంటే హాయిల్ యొక్క జానిబాక్టర్. ఆడవాళ్ల పేరైతే చివర లాటిన్ స్త్రీలింగ షష్ఠి వస్తుంది, అల్లోక్రోమాటియం రేణుకే అన్నట్టు. ప్రజాతి పేరుగా పెడితే మాత్రం మగవాళ్ల పేరయినా సరే స్త్రీలింగం చెయ్యాలని నియమావళి సూచన. డేనియల్ సాల్మన్ సాల్మొనెల్లా అయ్యాడు. థియోడర్ ఎషెరిఖ్ ఎషెరీషియా అయ్యాడు. జపాను శాస్త్రవేత్త కియోషి షిగా షిగెల్లా అయ్యాడు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో పనిచేసిన ఎస్. శివాజీ గారి పేరుతో 2012లో శివాజియెల్లా ఇండికా వచ్చింది. చెన్నైలోని స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్లు పిచ్చావరం మడ అడవుల్లో అడవివరి మొక్కనుంచి తీసిన బ్యాక్టీరియాకు 2004లో స్వామినాథానియా అని పెట్టారు. మహిళా కళాశాల గోడమీద ఈ సంగతి రాయకపోతే ఎలా?

ఇదంతా చదివాక మన శాఖలో ఒకరు నన్నడిగారు, సరే, ఇది వ్యాకరణమే, కానీ లాటిన్ వ్యాకరణం కదా, మనకేం పని అని. ఇంకొకరు, తెలుగులోనే పెట్టొచ్చుగా, లాటిన్ ఎందుకు అన్నారు. రెండోదానికి నా సమాధానం: లాటిన్ ఇప్పుడు ఎవరికీ ఇంటిభాష కాదు. అందరికీ సమానంగా కష్టం. అందుకే అది ఉండనివ్వండి. మొదటిదానికి సమాధానం కాస్త పెద్దది, ఎందుకంటే పేరు పెట్టడం అంటే నామకరణం రోజు చెవిలో చెప్పేసి ఊరుకోవడం కాదు. ఆ పేరు తర్వాత ఏమవుతుందో చూడాలి.

2005 ఏప్రిల్‌లో హైదరాబాదునుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్ ఎగరేసింది. 20నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని గొట్టాల్లో పట్టి కిందికి తెచ్చారు. సి.సి.ఎం.బి., పుణెలోని జీవకణ విజ్ఞాన కేంద్రం ఆ గాలిలో ఏమున్నాయో వెతికాయి. 12 బ్యాక్టీరియా, 6 బూజు సమూహాలు పెరిగాయి. వాటిలో మూడు కొత్త జాతులని 2009లో ప్రకటించారు. హాయిల్ పేరుతో ఒకటి, ఇస్రో పేరుతో బాసిలస్ ఇస్రోనెన్సిస్, ఆర్యభట్ట పేరుతో బాసిలస్ ఆర్యభట్టాయ్. అతినీలలోహిత కిరణాలను వీటి దగ్గరి బంధువులకంటే ఎక్కువ తట్టుకున్నాయి. ఫ్రెడ్ హాయిల్ జీవం ఆకాశంనుంచి వచ్చిందని వాదించిన ఖగోళ శాస్త్రవేత్త. ఆయన పేరు పెట్టేసరికి గ్రహాంతర జీవులు దొరికాయన్న ప్రచారం మొదలైంది. ఇవి భూమికి బయటివని ఇది రుజువు చెయ్యదని ఇస్రో అప్పుడే చెప్పింది, కానీ ఆ వాక్యం ఎవరికి కావాలి?

తర్వాతి కథ అంత ప్రచారం పొందలేదు. ఇస్రోనెన్సిస్ బాసిలస్ కాదని తేలి 2016లో సోలిబాసిలస్ అనే ప్రజాతిలోకి మారింది. అక్కడికే 2017లో ఇంకో పొరుగు వచ్చింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం గాలివడపోతలో దొరికినదానికి నాసాలో కస్తూరి వెంకటేశ్వరన్ బృందం సోలిబాసిలస్ కలామీ అని పెట్టింది, మన అబ్దుల్ కలాం గారి పేరు. ఇస్రో, కలాం ఒకే ఇంట్లో చేరారు. ఎవరూ కావాలని కలపలేదు, జన్యువులు కలిపాయి. ఆర్యభట్టకు మాత్రం అంత అదృష్టం లేదు. మొత్తం జన్యురాశిని పోల్చి చూసి, ఇది 1884లో డి బారీ వర్ణించిన బాసిలస్ మెగాటీరియమే, వేరే జాతి కాదు అని 2019లో ఒక పరిశోధన చెప్పింది. రెండు పేర్లు ఒకే జాతికి ఉంటే ముందు పుట్టిన పేరే నిలుస్తుంది. ఆర్యభట్ట పేరు ఇప్పటికీ కొన్ని పత్రాల్లో కనిపిస్తుంది, కానీ దాని కింద నేల కదిలిపోయింది.

ఇది అవమానమా? 2009లో గర్వపడినవాళ్లు ఇప్పుడు సిగ్గుపడాలా? నేనలా అనుకోను. 2009లో జాతులు తేల్చడానికి 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు పోలికనీ, డీఎన్‌ఏ ముక్కలు ఒకదానితో ఒకటి ఎంత అతుక్కుంటాయో చూసే పద్ధతినీ ఎక్కువగా నమ్మేవారు. ఇప్పుడు జన్యురాశి మొత్తం చదవడం చవకైంది. రెండు బ్యాక్టీరియాల జన్యురాశులు సగటున 95, 96 శాతం దాటి కలిస్తే ఒకే జాతి అంటున్నారు. కొలబద్ద సన్నబడితే పాత గీతలు కదులుతాయి. గర్వం పేరుమీద కట్టుకున్నవాళ్లకే ఇది దెబ్బ. బెలూన్ ఎగరేసినవాళ్ల పనికి, ఆ గాలిలోంచి బతికున్నవాటిని పెంచినవాళ్ల పనికి దెబ్బ ఏమీ లేదు.

మన తిరుత్తణివాళ్లకు ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? మన ఊరు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది ఆ జిల్లా తిరుత్తణిలోనే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే చిత్తూరు తిరుత్తణి అయింది. పటాస్కర్ తీర్పు తర్వాత 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు తిరుత్తణి అయింది. 1997లో తిరువళ్లూరు తిరుత్తణి. ముందున్న మాట మూడుసార్లు మారింది, వెనకున్న మాట మారలేదు. బ్యాక్టీరియాల పేరు మారినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. ప్రజాతి మారుతుంది, జాతిపేరు వెంట వెళ్తుంది. విశేషణమైతే కొత్త ఇంటి లింగానికి తగ్గట్టు చివర సర్దుకుంటుంది, షష్ఠి అయితే అదీ లేదు. తేడా ఒక్కటే. బ్యాక్టీరియాలో గీత మార్చాలంటే ఆధారం చూపించాలి. ఊరి గీతల సంగతి మన తాతలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఊరి పేరు పెడితే అన్నిసార్లూ గౌరవమే అనుకోకండి. మందులకు లొంగకుండా చేసే ఒక ఎంజైముకు న్యూఢిల్లీ పేరు పెట్టినప్పుడు 2010లో దేశమంతా గొడవైంది. ఆ పరిశోధన అచ్చువేసిన లాన్సెట్ పత్రిక సంపాదకుడు తర్వాత విచారం తెలిపారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బులకు ఊళ్ల పేర్లు పెట్టొద్దంది. బురదలో గంధకం తినే గులాబి గింజకు కాకినాడ పేరు ముద్దుగా ఉంటుంది, ఆస్పత్రి వార్డులో జబ్బుకు ఉంటే ఉండదు. పేరు బరువు తెలిసినవాళ్లు ఆ గదిలో ఒకరైనా ఉండాలి. మనం పదాలు చదివేది ఎందుకు మరి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొత్త జాతి అని చెప్పాలంటే ఏం చెయ్యాలి? బురదో నీళ్లో తేవాలి. పలచన చేసి చేసి అగర్ మీద గీయాలి. విడిగా పెరిగిన ఒక్క చుక్కను తీసి మళ్లీ గీసి శుద్ధి చెయ్యాలి. ఆకారం చూడాలి, ఏం తింటుందో, ఎంత ఉప్పు, ఎంత వేడి ఓర్చుకుంటుందో రాయాలి, జన్యువు చదవాలి. 16ఎస్ జన్యువు తెలిసినవాటితో 98.7 శాతం కంటే తక్కువ కలిస్తే కొత్తదని ఆశ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత, ఇది నాకు చాలా ఇష్టమైన నియమం, ఆ బ్యాక్టీరియాను ప్రాణంతో రెండు వేర్వేరు దేశాల్లోని భాండాగారాల్లో దాచిపెట్టాలి. ఎవరడిగినా ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే ఆ పేరు చెల్లదు.

మా ఇంట్లో దాన్ని చేమిరి అంటారు, క్లాసులో మిగతావాళ్లు తోడు అంటారు. పాలు తోడు పెట్టడానికి పెరుగు లేకపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్తాం. మనం ఇచ్చిన తోడే వాళ్లింట్లో బతికి ఉంటుంది, మన పెరుగు పాడైన రోజున తిరిగి మనింటికొస్తుంది. భాండాగారాల నియమం ఇదే. మన దేశంలో దీనికి 2002 జీవవైవిధ్య చట్టం కూడా తోడైంది. కొత్త జాతి కనిపెట్టినవాళ్లు ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి నమూనా ఇవ్వాలని దాని 39వ సెక్షను. ఈ చట్టం అమలు చూసే జాతీయ సంస్థ ఎక్కడో లేదు, చెన్నైలోనే ఉంది. మన వస్తువు మన దగ్గర ఉండాలన్న పట్టు న్యాయమే. కానీ తోడు ఇవ్వని ఇల్లు ఎలా ఉంటుందో మన ఆడవాళ్లకు తెలుసు. అడిగిన శాస్త్రవేత్తకు నమూనా ఇవ్వడం కష్టమయ్యేలా కాగితాలు పెంచితే, పేర్లు చెల్లకుండా పోయేది మనవే. చట్టం కావాలి, గిన్నె కూడా నిండాలి అన్నది నా పక్షం.

మరి తోడు పెట్టడానికి పాలే లేకపోతే? మన తిరువళ్లూరు జిల్లా చెరువుల జిల్లా. అవ్వ మాటల్లో చెరువుకు ఎన్ని రకాల నీళ్లుండేవో! మొరవ పోసే నీళ్లు, తూము దగ్గరి నీళ్లు, పాచి పట్టిన నీళ్లు, అడుగున నల్లటి ఒండ్రు, గట్టు కింద చౌడు. శాస్త్రవేత్తకు ఇవి ఐదు వేర్వేరు నివాసాలు, ఐదు చోట్లా ఐదు రకాల జీవులు వెతకాలి. ప్రకృతిలో ఉన్న బ్యాక్టీరియాల్లో ప్రయోగశాలలో పెరిగేవి చాలా కొద్దివని సూక్ష్మజీవ శాస్త్రంలో అందరూ ఒప్పుకున్న మాట. పెరగనివాటికి కూడా డీఎన్‌ఏ ఆధారంగా పేరు పెట్టే పద్ధతి ఒకటి 2022లో వచ్చింది. కానీ చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన చోట డీఎన్‌ఏ కూడా దొరకదు. అవ్వ మాటల గతీ అంతే. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, ఫోన్లో ఇంగ్లీషు అయిన మన పిల్లలకు మొరవ అంటే ఏమిటో ఎవరు చెప్తారు? చెరువు పోతే మాట పోతుంది, మాట పోతే అక్కడ ఏం వెతకాలో చెప్పేవాళ్లు పోతారు. ఈ రెండో సగం మన శాఖ పని. మైక్రోబయాలజీ వాళ్లు చెయ్యలేరు, వాళ్లను అడగడం న్యాయం కూడా కాదు.

అందుకని మేడమ్‌లకు నా విన్నపం. చివరి సంవత్సరం లఘు పరిశోధనలో ప్రతిసారీ ఫలానా నవలలో స్త్రీ పాత్రలు అనే వరసే నడుస్తోంది. అది వద్దనడం లేదు. ఈసారి ఇద్దరు ముగ్గురికైనా ఈ పని ఇవ్వండి. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్కే పేట చుట్టూ ఉన్న చెరువులకు, కుంటలకు జనం వాడే పేర్లు, నీటికీ మట్టికీ బురదకీ వాడే మాటలు పెద్దవాళ్ల దగ్గర సేకరించడం. ఏ మాట ఏ చోటికి చెందుతుందో గుర్తు పెట్టడం. ఆ జాబితా ఒక ప్రతి మైక్రోబయాలజీ శాఖకు ఇద్దాం. పంచాయతీల్లో జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలని అదే 2002 చట్టం కింద ఏర్పాటు ఉంది, ఒక ప్రతి అక్కడికీ పనికొస్తుంది. తెలుగూ తమిళమూ రెండు మాటలూ రాయాలి. ఏరి అన్నా చెరువు అన్నా అదే నీళ్లు.

మన శాఖ కిటికీలో ఒక సీసా కూడా పెట్టుకుందాం. రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 19వ శతాబ్దంలో కనిపెట్టిన పద్ధతి ఇది. చెరువు బురద, చెరువు నీళ్లు, చింపిన పాత పేపరు, కాస్త గుడ్డు పచ్చసొన సీసాలో వేసి, మూత పెట్టి వెలుతురులో ఉంచాలి. కొన్ని వారాలకు పైన ఆకుపచ్చ, కింద గులాబి, ఊదా పొరలు కట్టడం మొదలవుతుంది. భీమ్లీకుస్ చుట్టాలు అవే. వాసన కొంచెం ఉంటుంది, మూత మాత్రం ఎవరూ తియ్యకండి.

ఒకవేళ ఎప్పుడైనా మన చెరువులోనే కొత్తది దొరికితే పేరేం పెడతారని క్లాసులో అడిగారు. తిరుత్తణియెన్సిస్ అని నేనన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక టీతోనా, టీహెచ్‌తోనా అని వెంటనే వాదన మొదలైంది. తమిళనాడు ప్రభుత్వం కూడా 2020 జూన్‌లో 1,018 ఊళ్ల పేర్ల ఇంగ్లీషు వర్ణక్రమం మార్చి, వారం పదిరోజుల్లో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. ఊరికైతే వెనక్కి తీసుకోవచ్చు. బ్యాక్టీరియా పేరు ఒకసారి అచ్చయ్యాక, అచ్చుతప్పో వ్యాకరణ దోషమో అయితే తప్ప, వర్ణక్రమం మార్చడానికి వీల్లేదు. కాబట్టి ఆ వాదన ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. నా ఓటు మనం పలికేదానికి.